తుపాకి బాగుచేయు దుకాణములు: విడిభాగముల వెల

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేటయు, గుఱి కాల్పులును సామాన్యజనులకు వాడుకైన వినోదములగుటచేత, అచ్చటి చిన్న పట్టణములలో తుపాకులను బాగుచేయు దుకాణము కానవచ్చుట వింత గాదు. ఒక యజమానియు, ఒక లేత్ యంత్రమును, కొన్ని ఆకురాళ్లును, గోడ పొడవునను చిన్న చిన్న సొరుగులును గలిగిన గది యొకటి. సాధారణముగా దాని సర్వస్వము నింతే. అట్టి చోటికి ఒక వేటగాడు తాతనాటి తుపాకిని తెచ్చి, విరిగిన స్ప్రింగునకు బదులు క్రొత్తది వేయుమని యడుగును, పనివాడు వెల చెప్పును, వేటగాడు చేతిలోని ఫోనున ఆ స్ప్రింగు వెలనే వెదకి చూచి, "ఇచ్చట సగము ధరకే యున్నదే!" యనును. ఆ యొక్క మాటనుండి పుట్టిన వివాదము ఆ వృత్తివారిలో నేటికిని తెగకున్నది. విడిభాగమును కొన్న వెలకే యీయవలెనా, జాబితాలో అచ్చయిన వెలకా, అంతకు మించి పుచ్చుకొనవచ్చునా, కొనుగోలుదారు తానే తెచ్చుకొన్న భాగమును అమర్చిపెట్టుట యుచితమా, అమర్చినచో పూచీ యెవరిది, అను ప్రశ్నలన్నియు ఒక్క ప్రశ్నకే శాఖలు. పనివాని విద్యకును, కాలమునకును, అతడు తలకెత్తుకొను బాధ్యతకును రావలసిన ప్రతిఫలమును ఇనుపముక్క వెలలో కలిపి రాబట్టుట మేలా, విడదీసి చెప్పి పుచ్చుకొనుట మేలా యనునదే ఆ మూలప్రశ్న.

విడిభాగమునకు ప్రత్యేకముగా ఒక వెల యుండుట యనునదే చరిత్రలో అర్వాచీనమైన సంగతి. పదునెనిమిదవ శతాబ్దిలో తుపాకి యన్నది ఒక పనివాని ఆకురాతి క్రింద రూపొందిన వస్తువు కావున, ఒకదాని ట్రిగ్గరు మఱియొకదానిలో ఇముడుట యరుదు. విరిగిన భాగమునకు బదులు క్రొత్తదానిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, రాచి చేయవలసినదే. నాడు కొనుగోలుదారు చెల్లించినది పనికి మాత్రమే. 1785లో, ఫ్రాన్సున అమెరికా రాయబారిగా నున్న థామస్ జెఫర్సన్, హొనొరే బ్లాంక్ అను పనివాని కర్మశాలకు పోయి, విడదీసి అఱలలో నుంచిన యేబది తుపాకి యంత్రముల భాగములనుండి చేతికందినవానిని తీసి, తానే కొన్నింటిని కూర్చి చూచి, ఆ విశేషమును స్వదేశమునకు జాబు వ్రాసెను. 1798లో పదివేల తుపాకులు చేసియిచ్చుటకు ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొన్న ఎలీ విట్నీ ఈ పద్ధతికి ఆద్యుడని పాఠశాల పుస్తకములు చిరకాలము ఘోషించినవి గాని, 1960లో రాబర్ట్ వుడ్‌బరీ అను చరిత్రకారుడు ఆ కథను శోధించి, విట్నీ తుపాకుల భాగములు నిజమునకు ఒకదానికొకటి మార్చుకొన దగినవి కావని నిరూపించెను. ఆ ఘనకార్యమును సాధించినవాడు 1820 ప్రాంతముల హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారమున కృషిచేసిన జాన్ హాల్. కొలమానములను, అచ్చులను, యంత్రములను నమ్ముకొని అతడు చేసిన రైఫిలు భాగములు దేనికైనను దేనినైనను అమర్చదగినవిగా నుండెను. అటుతరువాతనే కర్మాగారములు భాగములకు పేళ్లును సంఖ్యలును వెలలును గల జాబితాలు అచ్చువేయుట సాధ్యమైనది. వెల యేర్పడుటకు ముందు వస్తువు ఏకరూపము కావలసియుండె నన్నమాట.

ఈ ఏకరూపత సంపూర్ణముగా నున్నచో నేటి వివాదమునకు తావే లేకపోయెడిది. జాబితాలోని భాగము డబ్బానుండి తీసి పెట్టగనే సరిపోవునేని, దుకాణదారు వట్టి మధ్యవర్తి. అతనికి స్వల్ప లాభము చాలును. సరిపోదేని, అతడు జాన్ హాల్‌కు పూర్వపు కమ్మరివలెనే స్వహస్తముతో పని నెరపవలసిన శిల్పి. అప్పుడు ఇనుము వెల లెక్కకు రాదు. నేటి తుపాకులలో ఈ రెండు జాతులును కలిసి యున్నవి. 1950లో పుట్టి, కోటికి మించి అమ్ముడుపోయిన రెమింగ్టన్ 870 జాతి తుపాకికి పెక్కు భాగములు విప్పి బిగించినంతమాత్రమున సరిపోవును. 1911లో అమెరికా సేన స్వీకరించిన కోల్ట్ పిస్తోలునకైతే, ఎన్నో కంపెనీలు చేయు భాగములలో కొన్నింటిని బుద్ధిపూర్వకముగనే రవ్వంత యెక్కువ కొలతతో చేసి విక్రయింతురు; ఆ యెక్కువను రాచి తీసి సరిపఱచుట పనివాని వంతు. ఈ రెండు జాతుల భాగములకును ఒకే సూత్రముచేత వెలకట్టబూనుటయే చాల దుకాణముల తొలి పొరపాటని నా యభిప్రాయము.

రెండవ ప్రపంచయుద్ధానంతరపు దినములు ఈ వృత్తికి స్వర్ణయుగమని చెప్పవచ్చును. సైన్యముల మిగులు తుపాకులు గుట్టలు గుట్టలుగా బజారునకు వచ్చినవి. వానిని వేట తుపాకులుగా మార్పించుకొనుటకు జనులు ఎగబడిరి. కొలరాడో రాష్ట్రమున ట్రినిడాడ్ కళాశాలలో 1947లో ఈ విద్యకు ప్రత్యేక శిక్షణ ప్రారంభమయ్యెను. 1939లో అయోవా రాష్ట్రపు మాంటెజూమా అను చిన్న యూరిలో బాబ్ బ్రౌనెల్ స్థాపించిన వ్యాపారము పనిముట్లకును విడిభాగములకును పెట్టనికోట యయ్యెను; న్యూయార్కు రాష్ట్రమున నుమ్రిచ్ సంస్థ మూతపడిన కంపెనీల సరకు నిలువలను, సైనికపు మిగులును కొని, దొరకని భాగములకు ఆశ్రయమయ్యెను; 1977లో మిస్సోరిలోని కొలంబియా పట్టణమున లారీ పాటర్‌ఫీల్డ్ ప్రారంభించిన చిన్న దుకాణము మిడ్‌వే పేర కాలక్రమమున దేశమంతటికి సరకు పంపు సంస్థయై పెరిగెను. ఈ వ్యాపారములో వృత్తివారికి ఒక వెలయు, సామాన్యులకు మఱియొక వెలయు నుండుట ఆచారము. ఆ రెంటి నడుమ నున్న వ్యత్యాసమే చిన్న దుకాణదారుని జీవనాధారము. కొన్న వెలకు రెట్టింపు వేసి అమ్ముట అమెరికా చిల్లర వ్యాపారమున పాతుకొనిపోయిన వాడుక. తుపాకుల విడిభాగములకును అది తఱచుగా నడచినది. కొనుగోలుదారునకు వృత్తివారి వెల తెలియదు. తెలిసికొనుటకు త్రోవయు లేదు. తెలియనంతవఱకు అందఱును సంతుష్టులే.

చట్టములు కూడ కొంతకాలము ఈ వెలలకు కాపు కాచినవి. 1937నాటి మిల్లర్-టైడింగ్స్ చట్టము నీడన, ఉత్పత్తిదారు తన సరకును ఇంతకు తక్కువ వెలకు అమ్మరాదని చిల్లర వర్తకులను కట్టడిచేయుటకు, అనుమతించిన రాష్ట్రములలో అవకాశము కలిగెను. 1975లో అమెరికా శాసనసభ ఆ యేర్పాటును రద్దుచేసెను. అంతకు ముందటి 1936నాటి రాబిన్‌సన్-పాట్‌మన్ చట్టము, పెద్ద కొనుగోలుదారునకు ఒక ధర, చిన్నవానికి మఱియొక ధర యను పక్షపాతమును అరికట్టుటకు పుట్టినదైనను, ఎక్కువ సరకు కొనువానికి నిజముగా తగ్గు వ్యయము మేరకు రాయితీ యిచ్చుటను అది నిషేధింపలేదు. కాబట్టి దినమునకు వేలకొలది పొట్లములు పంపు సంస్థకు చిక్కిన వెల, వారమునకు పది స్ప్రింగులు కొను దుకాణమునకు ఎన్నటికిని చిక్కదు. చిన్న దుకాణదారు కొను వెలకన్న తక్కువకే పెద్ద సంస్థ సామాన్యునకు అమ్ముటయు కలదు. అట్టి సందర్భమున "కొన్న వెలకే యిత్తును" అని దుకాణదారు ఔదార్యము చూపినను కొనుగోలుదారు నమ్మడు!

అంతర్జాలము వచ్చి తెర తొలగించెను. వెలలన్నియు అందఱి కంటికిని ఒక్కమాఱే కానవచ్చినవి. దీనికి తోడు పన్నుల వ్యత్యాసమొకటి చాలకాలము చిన్న దుకాణమును క్రుంగదీసినది. తమకు దుకాణమో గిడ్డంగియో లేని రాష్ట్రములందలి కొనుగోలుదారులనుండి దూరపు వర్తకులు అమ్మకపు పన్ను వసూలుచేయ నక్కఱలేదని 1992లో క్విల్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు నిలిపిన సూత్రము 2018 జూన్ 21 వఱకు చెల్లినది. ఆనాడు సౌత్ డకోటా రాష్ట్రమునకును వేఫెయిర్ సంస్థకును జఱిగిన వ్యాజ్యమున ఆ తీర్పు కొట్టివేయబడెను. ఆ యిరువదియాఱేండ్లును ఊరి దుకాణదారు తన బిల్లుపై పన్ను చేర్చి చెప్పవలసి వచ్చెను. దూరపు వర్తకుడు చేర్చకయే పంపెను. వెలలో వ్యత్యాసము చూచి పనివాని దురాశను నిందించినవారిలో ఎందఱు ఈ సూక్ష్మమును గమనించిరో! తీర్పు తరువాత ఆ వంకర కొంత తీఱినది గాని, ఫోనులో వెల చూచుట అలవాటైన కన్ను మఱల మూతపడలేదు.

ఇక స్ప్రింగు కథకు వత్తము. లెక్క తేటపడుటకై నేను కల్పించుకొన్న అంకెలు ఇవి. స్ప్రింగు వృత్తివారి వెల 4 డాలర్లు, జాబితా వెల 7 డాలర్లు అనుకొందము. ఆ యొక్కదానినే తెప్పించుటకు తపాలా కూలి 9 డాలర్లు. తుపాకి విప్పి, అది ఏ యేట తయారైనదో వరుససంఖ్యనుబట్టి కనుగొని, అదే పేరున వచ్చిన మూడు నాలుగు మార్పులలో సరియైనదానిని ఎంచి, ఉత్తరువు పంపి, వచ్చినదానిని సరిచూచి, ఖాతాలో వ్రాయుటకు అరగంట పట్టినదనుకొన్నచో, గంటకు 80 డాలర్ల మజూరి చొప్పున 40 డాలర్లు. మొత్తము 53 డాలర్లు కర్చైనచోట, జాబితా వెలకు అమ్మినవానికి వచ్చునవి 7. మిగిలిన 46 డాలర్లు ఎక్కడనుండి రావలెను? పది మంది ఉత్తరువులు పోగైన తరువాత ఒక్కమాఱే తెప్పించినచో తపాలా కూలి పంచుకొనబడును గాని, మొదటివాడు వేటకాలము దాటిపోవువఱకు వేచియుండవలెను. ముందుగనే నూఱు రకముల స్ప్రింగులు కొని సొరుగులలో నింపుకొన్నచో ఆలస్యముండదు గాని, ఆ నూటిలో ఎన్ని రకములు ఏండ్లతరబడి కదలకుండునో వాని వెలయు, వానిలో చిక్కుపడిన పైకమునకు వడ్డీయు, కదలినవానిపైననే పడును. సొరుగులోని స్ప్రింగునకు మూడింతలు వెల చెప్పు పనివాడు తఱచుగా ఈ కదలని సరకు బరువును కదలిన సరకుచేత మోయించుచున్నవాడే గాని, దోచుచున్నవాడు గాడు.

ఈ లెక్కను ఎదుర్కొనుటలో వృత్తివారు భిన్నమార్గముల త్రొక్కిరి. పాతకాలపువారిలో పలువురు అన్నింటికిని రెట్టింపు వేయు పద్ధతిని విడువలేదు. అది సులభము, కాని 4 డాలర్ల స్ప్రింగునకు 8 పుచ్చుకొన్నచో నష్టమే, 400 డాలర్ల గొట్టమునకు 800 పుచ్చుకొన్నచో కొనుగోలుదారు రెండవమాఱు గడప త్రొక్కడు. దీనిని గుర్తించినవారు మోటారు మరమ్మతు శాలలనుండి అరువు తెచ్చుకొన్న మెట్ల పద్ధతిని అవలంబించిరి: అయిదు డాలర్ల లోపలి సరకునకు మూడింతలో నాలుగింతలో, వెల పెరిగినకొలది శాతము తగ్గించుచు, పెద్ద భాగములకు పదునైదో యిరువదో శాతము మాత్రమే. కొందఱు వెలతో నిమిత్తము లేకుండ ప్రతి మరమ్మతునకును కనీసపు రుసుము నిర్ణయించిరి. మఱికొందఱు విడిభాగముపై లాభమే వలదని, ఫోనులో కనబడు వెలకే యిచ్చి, మజూరిని ఆ మేరకు పెంచిరి. ఈ చివరి పద్ధతి మిక్కిలి నిజాయితీ గలదిగా కానవచ్చును గాని, దానియందును చిక్కు లేకపోలేదు: భాగము మాత్రమే కొని తానే అమర్చుకొను వానికి పనివాని వెదకులాట అంతయు ఉచితముగా దక్కును, మజూరి చెల్లించు ఖాతాదారే వాని భారమును కూడ మోయును.

మన కంసాలి లెక్క ఎఱిగినవారికి ఇదంతయు క్రొత్తగా తోపదు. బంగారపు ధర పత్రికలో అచ్చగుచుండును. దానిలో కంసాలి చేయగల మాయ లేదు. మజూరి బాహాటముగా బేరమాడబడును. ప్రతి గృహిణియు దానిని తగ్గింప జూచును. కావున బేరమున తగ్గిన మజూరి తరుగు అను మాట చాటున మఱల వచ్చి చేరును. తరుగు నిజమైనదే, రాచునపుడు, కరగించునపుడు కొంత పోవుట తప్పదు. కాని ఎంత పోయినదో కంసాలికి తప్ప ఇతరులకు తెలియదు గనుక, మజూరిలో దక్కనిదానిని తరుగులో రాబట్టుకొను అలవాటు ప్రబలినది. విడిభాగముపై వేయు లాభము అమెరికా పనివానికి తరుగు. గంటకు 80 డాలర్లనిన కొనుగోలుదారు ఉలిక్కిపడును. గంటకు 50 అనిచెప్పి, భాగముల వెలలో మిగిలినది చేర్చినచో తల యూపి పోవును. ఈ మనుష్యస్వభావమును కనిపెట్టిన వర్తకుని ఒక్కనినే నిందించుట ధర్మము గాదు. నిజమైన మజూరిని వినలేని చెవికి కూడ అందులో పాలున్నది. అయినను, బంగారపు ధరవలెనే విడిభాగపు ధరయు ఎల్లరకును బట్టబయలైన నేటి దినములలో, చాటున దాచు చోటు మాత్రము లేదు. దాచినవాడు దొరకిపోవుచున్నాడు, దొరకిన తరువాత అతని న్యాయమైన మజూరిని కూడ ఎవరును నమ్మకున్నారు.

పనివాడు మజూరి రూపమున అడుగవలసినది ఎంతటి పనికో తెలియుటకు ఒక్క యుదాహరణము దగ్గఱనుండి చూతము. 1955లో వెలువడిన కోల్ట్ పైథాన్ రివాల్వరులో, ట్రిగ్గరు లాగినపుడు తూటాల చక్రమును ఒక్కొక్క గది చొప్పున త్రిప్పు చిన్న కొక్కెమొకటి యున్నది. వాడిక ఎక్కువైనకొలది దాని కొన అరగును. చక్రము తన తావునకు పూర్తిగా చేరకమున్నే దెబ్బ పడు ప్రమాదమేర్పడును. క్రొత్త కొక్కెము వచ్చునది కొంచెము పొడవుగా. పనివాడు దాని కొనకు మసి పట్టించి, అమర్చి, చక్రమును మెల్లగా త్రిప్పి, ఆఱు గదులలో ఏ గదియొద్ద ముందుగా తగులుచున్నదో, ఏ గదియొద్ద వెనుకబడుచున్నదో చూచును, మఱల అంతయు విప్పి, మసి చెరగిన చోట సన్నని ఆకురాతితో ఒకటి రెండు మాఱులు రాచును, మఱల అమర్చును. ఇట్లు పలుమాఱులు. ఒక్క రాపిడి యెక్కువైనచో ఆ కొక్కెము చెత్తబుట్టకే. అపుడు పాడైన భాగపు వెల యెవరిది? పనివాని చేతి దోషము పనివానిదే యని అందఱును ఒప్పుకొందురు. కాని కొనుగోలుదారు తానే అంతర్జాలమున కొని తెచ్చిన కొక్కెము, కొలత తప్పి మొదటినుండియు పొట్టిదైనచో? మూడు గంటలు దానితో పెనగిన తరువాత ఆ సంగతి బయటపడినచో? ఆ మూడు గంటల మజూరి నాకేల యని కొనుగోలుదారుడు అడుగక మానడు. అందుచేతనే చాల దుకాణములు బయటినుండి తెచ్చిన భాగములను అమర్చుటకు నిరాకరించుచున్నవి, లేదా వానికి మజూరి యెక్కువగా వేయుచున్నవి.

నిరాకరణము అహంకారమని కొందఱు ఆడిపోసికొందురు గాని, దాని వెనుక చట్టము కూడ కలదు. వ్యాపారరీత్యా వస్తువును అమ్మినవాడు, ఆ వస్తువు సాధారణ ప్రయోజనమునకు పనికివచ్చునని మాటతో చెప్పకున్నను పూచీపడినట్లే యని అమెరికా వాణిజ్య స్మృతి భావించును. 1965లో ప్రకటితమైన అపకార న్యాయసంగ్రహపు 402-ఎ విభాగము ఇంకను ముందునకు పోయి, దోషముతో కూడి ప్రమాదకరమైన వస్తువును అమ్మినవాడు తాను జాగ్రత్త వహించినప్పటికిని నష్టమునకు బాధ్యుడే యన్న సూత్రమును ప్రతిపాదించెను. తయారుచేసినవానికే గాక నడుమ అమ్మినవానికిని అది వర్తించునని పెక్కు రాష్ట్రముల న్యాయస్థానములు గ్రహించినవి. తరువాత కొన్ని రాష్ట్రములు నిర్దోషియగు చిల్లర వర్తకునకు మినహాయింపు నిచ్చినవి. తుపాకివంటి వస్తువునందు ఇది మాటవరుసకు చెప్పుకొను సంగతి గాదు. కావున దుకాణదారు తాను అమ్మిన భాగముపై పుచ్చుకొను లాభమునందు ఈ పూచీకి కట్టవలసిన భీమా భాగమొకటి యున్నది. కొనుగోలుదారు తెచ్చిన భాగమునకు అతడు అమ్మకందారు కాడు, అమర్చినవాడు మాత్రమే. అట్టిచోట అతడు లాభము కోరరాదు, పూచీయును మోయరాదు. ఈ రెండును ఒక్కచోటనే యుండవలెనని, ఒకటి లేనిచోట రెండవది ఉండరాదని నేను తలంతును. లాభము పుచ్చుకొని పూచీ తప్పించుకొను దుకాణము ఎంత తప్పో, లాభమీయక పూచీ కోరు కొనుగోలుదారు అంతే తప్పు.

ప్రభుత్వ నిబంధనల భారము వెలలో ఎంత చేరుచున్నదను ప్రశ్నమీద వృత్తివారు అతిశయోక్తులు పలుకుటయు కలదు. 1968నాటి తుపాకుల నియంత్రణ చట్టము ప్రకారము వృత్తిగా మరమ్మతుచేయువాడు లైసెన్సు పొందవలెను. దాని రుసుము మొదటి మూడేండ్లకు 200 డాలర్లు, అటుపిమ్మట మూడేండ్లకొకమాఱు 90 డాలర్లు మాత్రమే. ఒక్క రాత్రియైనను దుకాణమున నిలిచిన తుపాకిని ఖాతాలో చేర్చి, తిరిగి యిచ్చిననాడు కొట్టివేయవలెను. ఆ దినమే యిచ్చి పంపినచో అక్కఱలేదు. ఆ చట్టమున తుపాకి యనబడునది మిగిలిన భాగములు బిగింపబడు ఫ్రేము లేక రిసీవరు మాత్రమే. స్ప్రింగులు, ట్రిగ్గర్లు, కొక్కెములు తపాలాలో ఇంటికే వచ్చును. తుపాకులపై ఉత్పత్తిదారులు చెల్లించు 10, 11 శాతముల ప్రత్యేక పన్ను కూడ విడిగా అమ్ము భాగములకు లేదు. ఇంత స్వల్పభారమును చూపి వెలలు పెంచినవాని మాట నేను లెక్కింపను. కాని 2016 జూలైలో విదేశాంగశాఖ జారీచేసిన సూచన నిజముగనే పిడుగుపాటయ్యెను: తుపాకి సామర్థ్యమును పెంచు కొన్ని యంత్రపు పనులు ఉత్పత్తి క్రిందికి వచ్చుననియు, అట్టివారు ఏటేట 2,250 డాలర్లు కట్టి పేరు నమోదు చేసికొనవలెననియు అది చెప్పెను. ఎన్నడును సముద్రము దాటి సరకు పంపని పనివానికి ఎగుమతి చట్టపు రుసుము! 2020 మార్చి 9న సామాన్య తుపాకులలో అధికభాగము విదేశాంగశాఖ ఎగుమతి నియంత్రణ జాబితానుండి వాణిజ్యశాఖ పాలనకు మార్చబడుటతో ఆ భారము చాలవఱకు తొలగినది. ఆ నడిమి కాలమున వెలలు పెంచినవారిలో, భారము తొలగిన పిదప తగ్గించినవారుండిరేని వారికి నా జోహారులు.

మన దేశమున ఈ వివాదము ఈ రూపమున పుట్టుటకే వీలులేదు. 1959నాటి ఆయుధ చట్టము ఆయుధమను మాటకు చెప్పిన నిర్వచనములోనే దాని భాగములను కూడ చేర్చినది. తయారుచేయుటకును, అమ్ముటకును, మరమ్మతునకును లైసెన్సు తప్పనిసరి. ఇంటికి తపాలాలో ట్రిగ్గరు తెప్పించుకొని దుకాణమునకు పట్టుకొనిపోయి బేరమాడు కొనుగోలుదారు ఇక్కడ లేడు. అందుచే ఇచ్చట వెల పనివాడు చెప్పినదే.

వెల యేదియైనను సరే భాగమే దొరకని స్థితి మఱియొకటి కలదు. 1912లో పుట్టిన వించెస్టర్ 12 జాతి తుపాకి సాధారణోత్పత్తి 1964తో ముగిసినది; న్యూ హేవెన్‌లోని కర్మాగారము 2006లో మూతపడినది. రెమింగ్టన్ సంస్థ 2018లోను, 2020లోను దివాలా తీసి, దాని వ్యాపారములు ముక్కలు ముక్కలుగా వేఱువేఱు వారి చేతులలో పడెను. కోల్ట్ పైథాన్ 2020లో మఱల బజారునకు వచ్చినను లోపలి కూర్పు మాఱినందున పాతదానికి ఆ భాగములు అక్కఱకు రావు. ఇట్టి తుపాకులకు భాగములు పాత తుపాకులను విప్పి తీయవలసినవే. వానికి జాబితా వెల యన్నది లేదు. ఉన్నవాడు చెప్పినది వెల, కావలసినవాడు ఇచ్చినది వెల. ఇరువది యేండ్లు ముందుచూపుతో పాత సరకు కొని దాచిన పనివాడు నేడు పదింతలడిగినను నాకు అభ్యంతరము లేదు. ఆ సరకు అమ్ముడుపోక మిగిలియుండినచో ఆ నష్టమును పంచుకొనుటకు ఎవరును రాకపోయెడివారు గదా! అయితే అదే పనివాడు నిన్ననే ఫోనులో కొని తెప్పించిన సామాన్యపు స్ప్రింగును ఆ పాత సొరుగులోనుండి తీసినట్లు నటించి అదే రీతిని అడిగినచో, దానిని వ్యాపారమనజాలము.

నేను చూడగలిగినంతవఱకు మేలైన పద్ధతి యిది: విప్పి బిగించినంతనే సరిపడు భాగమును బహిరంగపు వెలకు దగ్గఱగానే అమ్మి, తెప్పించినందులకు ఒక చిన్న రుసుమును బిల్లులో వేఱు పంక్తిని వ్రాయవలెను; రాచి అమర్చవలసిన భాగమునకు భాగపు వెలను, మజూరిని, పాడైనచో భరించువాడెవరో ముందుగనే చెప్పవలెను; దొరకని పాత భాగమును అరుదైన సరకుగనే చెప్పి అమ్మవలెను. దీనివలన గంటల మజూరి ఇప్పటికన్న పెద్దదిగా కానవచ్చుట నిశ్చయము. కానవచ్చుటయే మంచిది. మోటారు మరమ్మతు విషయమున కాలిఫోర్నియా రాష్ట్రము 1971 చట్టముచే ముందస్తు అంచనాను వ్రాసియిచ్చుట, బిల్లులో భాగములను మజూరిని విడదీసి చూపుట, కోరినచో తీసివేసిన పాత భాగమును తిరిగి యిచ్చుట తప్పనిసరి చేసినది. తుపాకుల పనికి ఆ చట్టము వర్తింపదు గాని, ఆ దేశమున స్థిరపడి తుపాకిని ఉంచుకొన్న మనవారెవరైనను దానిని దుకాణమున విడుచునపుడు ఆ మూడింటిని అడుగుటకు సంకోచింపవలదు. అంచనా కాగితముమీద వ్రాయించుకొనుడు. మజూరి యెంత, భాగమెంత యని వేఱువేఱుగా చెప్పించుకొనుడు. విరిగిన పాత ముక్కను అడిగి తీసికొని పొండు.